గాలి ఉన్న రోజే

పొద్దున్నే రేడియోవాడు చెప్పాడు:
దక్షిణపు గాలి, గంటకి పద్దెనిమిది మైళ్లు,
చిన్న పడవలవాళ్లు జాగ్రత్త.
అప్పటికే హాలిస్ బూట్లు తొడుక్కుంటున్నాడు.

రేవులో ప్రూయిట్ తన పడవని
మళ్లీ ట్రైలరెక్కిస్తున్నాడు.
"ఆర్డిత్, మీ అన్నకి మతిపోతే పోయింది,
నీకైనా ఉండక్కర్లా?"
ముప్పై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపాను.
వెనకనుంచి వచ్చే మాటలకి
తల తిప్పే అలవాటు ఎప్పుడో పోయింది.

బ్లెడ్సో రిజర్వాయరంతా తెల్లటి నురగ.
ఆనకట్ట కట్టకముందు కింద పత్తిచేలుండేవి,
ఒక చర్చి, దాని వెనక ఓక్ తోపు.
ఇప్పుడు మొద్దులే మిగిలాయి.
ఆ మొద్దుల చుట్టూ, పదకొండు అడుగుల లోతున,
కడుపునిండా గుడ్లతో క్రాపీలు
పైకే చూస్తూ నిలబడి ఉంటాయి,
వాన కోసం చూసే రైతుల్లా.

పడవ వెనక గొలుసు జారవిడిచాను.
పాత ట్రాక్టరుది, తుప్పుతో సహా.
అడుగున ఈడ్చుకుంటూ వస్తుంది,
గాలి ఎంత తోసినా
పడవ ముసలి ఆవు నడక నడుస్తుంది.

ఆరు గెడలు, ఆరు బెండ్లు.
బెండు కింద సీసపు గుండు, దానికో పరిగెపిల్ల.
నారింజ రంగు బెండ్లు, నడుముకి నల్ల గీత.
ఆ గీతలు హాలిస్ వేసినవే,
కుంచె మాట విన్నంతకాలం.

ఈ కౌంటీలో సగం దుకాణాల పేర్లు వాడి చేతివే.
మంగలిషాపు, విత్తనాల కొట్టు, శవపేటికల కొట్టు.
ఎరలమ్మే దుకాణం బోర్డు మీద చేపని
ఒక్క ఊపులో గీశాడు, కుంచె ఎత్తకుండా.
నాలుగేళ్ల కిందట
అక్షరాల తోకలు వంకర్లు పోవడం మొదలైంది.
డాక్టరు చెప్పిన పేరు వాడు ఇంట్లో పలకనివ్వడు.

గాలి లేని రోజు
నీళ్లు అద్దంలా ఉంటాయి. అందులో
వాడి చెయ్యి ఒక్కటే కదులుతుంది.
పక్క పడవలవాళ్లు మర్యాదగా ఆకాశం చూస్తారు.
వణుకు గెడలోకి, గెడనుంచి దారంలోకి దిగి
కిందున్న చేపకి కూడా తెలిసిపోతుంది.

ఇవాళ అలా కాదు.
పడవ ఊగుతోంది, నేను ఊగుతున్నాను,
నా కాఫీ నా ఒళ్లోనే ఒలికింది.
పైనున్న కుదుపంతా
బెండు దగ్గరే ఆగిపోతుంది.
దాని కింద పరిగెపిల్ల
తన పనేదో తాను చూసుకుంటూ ఉంటుంది.

పదిన్నరకి నాలుగో బెండు
మునగలేదు.
అలల మధ్య పక్కకి ఒరిగి
మెల్లగా పడుకుంది.
చేప కిందనుంచి బరువెత్తుకుందన్నమాట.
మోసేది లేనప్పుడు
బెండుకి నిలబడాల్సిన పనేముంది?

"లాగొద్దు" అనబోయి నోరు మూసుకున్నాను.
క్రాపీ పెదవి ఉల్లిపొర.
బలమున్నవాడు విసురుగా లాగి, చించి,
ఉత్త గాలంతో బూతులు తిడతాడు.
హాలిస్ దగ్గర విసురు ఎప్పుడో అయిపోయింది.
ఎత్తాడు, అంతే.
నిద్రపోయే పిల్ల తల కిందనుంచి
చెయ్యి తీసుకున్నట్టు.

వలలో చేప, నల్ల చుక్కల వెండి పళ్లెం.
అది వణికింది, వల వణికింది, చెయ్యి వణికింది,
పడవ సరేసరి.
ఎవరి వణుకు ఎవరిదో
నేను లెక్క కట్టలేదు.

మూడింటికి గాలి పడిపోయింది.
అప్పటికి పదిహేడు చేపలు.
నీళ్లు ఇస్త్రీ చేసినట్టు పరుచుకున్నాయి.
హాలిస్ కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని కూచున్నాడు.
నేను గొలుసు పైకి లాగుతూ ఉండిపోయాను.
లంకె లంకెకీ నల్లటి బురద,
ఒకప్పుడు పత్తి పండిన మన్ను.

దారిలో ఎరల దుకాణం.
గుమ్మం పైన కొత్త ప్లాస్టిక్ బోర్డు,
పక్కగోడకి ఆనించి పాతది.
ట్రక్కు నెమ్మది చెయ్యనా అని
అడగలేదు. చేశాను.
వాడు అటు చూడలేదు.
రేడియో మీట వైపు చెయ్యి చాపి,
రెండుసార్లు తప్పి, మూడోసారి తిప్పాడు.
"రేపు గాలి ఎలా ఉందంట?"